రొట్టె, ఆహారము, కూడు

పాఠ్యభాగములు: రూతు 1:1–6, మత్తయి 6:9–13, యోహాను 6:1–35, 1 కొరింథీ 11:20–34



ప్రభువు నేర్పిన ప్రార్థనలో మనము "ఆహారము" అడుగుచున్నాము. ప్రభువు బల్లయొద్దకు వచ్చినప్పుడు "రొట్టె" తీసికొనుచున్నాము. ద్వితీయోపదేశకాండము 8:3లో "ఆహారము" అని చదివిన మాటనే, అరణ్యములో ప్రభువు శోధకునికి ఉత్తరమిచ్చిన మత్తయి 4:4లో "రొట్టె" అని చదువుచున్నాము. వాక్యము ఒక్కటే, తెలుగున మాటలు రెండు. బైబిలు తరగతులలో యౌవనస్థులు ఈ భేదమునకు కారణము అడుగుదురు. అడుగవలసిన ప్రశ్నయే. ఏలయనగా మూలభాషలలో ఈ భేదము లేదు. హెబ్రీలో "లెహెం" అను ఒక్క మాట, గ్రీకులో "ఆర్తొస్" అను ఒక్క మాట. వాటిని మన అనువాదకులు కొన్ని చోట్ల రొట్టె అనియు, కొన్ని చోట్ల ఆహారమనియు వ్రాసిరి. వారు పొరబడలేదు. రొట్టె తినని దేశమునకు ఆ మాటను తెచ్చినవారు మరియొక విధముగా చేయుట కష్టము.

మన తీరమున రొట్టె ఎవరి భోజనము? మైపాడు మొదలుకొని కృష్ణపట్నము వరకు ఏ పాళెములోనైనను అడిగి చూడుడి. జ్వరము వచ్చినవానికి పెట్టునది రొట్టె. ఆసుపత్రిలో పడుకొన్న బంధువును చూడబోవునప్పుడు కొనిపోవునది రొట్టె. ఒంట్లో బాగున్నవాడు దానిని భోజనమని చెప్పడు. మెట్ట ప్రాంతములలో జొన్నరొట్టె చేసికొనువారున్నారు గాని, ఆ మాట సహితము ఉత్తరదేశపు "రోటీ"కి చుట్టమే. నెల్లూరు పట్టణములో స్వర్ణాల చెరువు ప్రక్కన బారాషహీద్ దర్గాయొద్ద మొహర్రము నెలలో రొట్టెల పండుగ జరుగునని మీరందరు ఎరుగుదురు. అక్కడ చదువు కోరువాడు చదువు రొట్టెయు, బిడ్డలు లేనివారు సంతానపు రొట్టెయు, ఉద్యోగము కోరువాడు ఉద్యోగపు రొట్టెయు ఒకరియొద్ద ఒకరు పుచ్చుకొందురు. కోరిక తీరినవాడు మరుసటి సంవత్సరము అట్టి రొట్టెనే తెచ్చి మరియొకనికిచ్చును. అది మన ఆరాధన కాదు. అయినను దానిని ఎగతాళి చేయువారితో నేను ఏకీభవింపను. మనిషి తనకు మిక్కిలి అవసరమైనదానికి రొట్టె అని పేరుపెట్టుట అక్కడ కన్నులారా చూడవచ్చును. లేఖనములు ఆ మాటను వాడిన తీరు దీనికి ఎక్కువ దూరము కాదు.

"లెహెం" అను మాట లోతు చూడుడి. ఇశ్రాయేలీయులు గోధుమ, యవలు పండించి బ్రదికినవారు గనుక వారికి లెహెం అనగా రొట్టె. దానికి పొరుగు భాషయైన అరబ్బీలో "లహ్మ్" అనగా మాంసము. మందలు మేపి బ్రదుకు ఎడారివారికి అదియే ముఖ్యమైన తిండి. హిందూ మహాసముద్రములో, అరబ్బు దేశమునకు దక్షిణమున సొకొత్రా అను దీవి యున్నది. అక్కడివారి భాషయు ఈ కుటుంబములోనిదే. అక్కడ ఇదే మాట సొరచేపకు పేరు. మన పట్టపుపాళెములలోని తల్లులు ఇది వినిన యెడల ఆశ్చర్యపడరు. బాలింతకు సొరపుట్టు పెట్టు ఇండ్లలో సొర ఎంత గొప్ప ఆహారమో వారికి ఎవరును చెప్పనక్కరలేదు. పొలమువానికి గింజ, మందవానికి మాంసము, సముద్రమువానికి చేప. ఏది తిని బ్రదుకుదుమో దానికి ఆ ఒక్క మాటయే పేరైనది.

హెబ్రీ లేఖనములలోనే ఈ విశాలత కనబడును. 1 సమూయేలు 14వ అధ్యాయములో, సాయంకాలము వరకు ఎవడును లెహెం ముట్టకూడదని సౌలు జనులచేత ప్రమాణము చేయించెను. యోనాతాను తిన్నది రొట్టె కాదు, కొంచెము తేనె. అయినను ప్రమాణము మీరినట్లే ఎంచబడెను. లేవీయకాండము 3:11లో బలిపీఠము మీద దహించు క్రొవ్వునకు ఇదే మాట వాడబడినది. సామెతలు 27:27లో మేకపాలకు ఇదే మాట. కాబట్టి మన అనువాదకులు "ఆహారము" అని వ్రాసినప్పుడు మూలమును విడిచిపెట్టలేదు, దాని వెడల్పును పట్టుకొనిరి. "రొట్టె" అని వ్రాసినప్పుడు ఆ దేశపు వంటయింటిని మనకు చూపిరి. రెండును కావలెను.

బేత్లెహేము అను పేరులోని చివరి భాగము ఈ మాటయే. "బేత్" అనగా ఇల్లు. రొట్టెల యిల్లు అని అర్థము. రూతు గ్రంథము మొదటి వచనమున ఆ రొట్టెల యింటిలోనే కరవు వచ్చినది. ఎలీమెలెకు భార్యాబిడ్డలను వెంటబెట్టుకొని మోయాబునకు వలసపోయెను. పేరులో రొట్టె ఉన్నంతమాత్రమున కుండలో ఉండునా? మన నెల్లూరి పేరునకు నెల్లి చెట్టు కారణమని కొందరందురు. "నెల్లు" అనగా అరవములో వడ్లు గనుక వడ్ల ఊరు అని కొందరందురు. మొలగొలుకుల బియ్యమునకు పేరు మోసిన జిల్లా మనది. అయినను వడ్లు నాటిన చేతులన్నిటికి బియ్యము దొరకినది కాదు. పెన్న నీళ్లు పారిన పొలములలో నాట్లు వేసి, కోతలు కోసి, ఇంటికి వచ్చి జొన్నలు దంచుకొన్న తల్లుల సంగతి మన పెద్దలు నేటికిని చెప్పుదురు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చిన తరువాతనే అనేక పేద ఇండ్లలో వరియన్నము పండుగ వంట కాక ప్రతిదినపు వంట యయ్యెను.

ఇక మన మాటల దగ్గరకు వత్తము.

"అన్నము" సంస్కృతపు మాట. "అద్" అను ధాతువునకు తినుట అని అర్థము. దానినుండి పుట్టిన అన్నమునకు తినబడినది అని అర్థము. ఏ గింజయైనను సరే, తినబడినది అన్నమే. దానిని వరికి మాత్రమే కట్టిపెట్టినది మన వాడుక. "కూడు" అచ్చ తెలుగు. అరవములో గంజికి, జావకు చెప్పు "కూళ్" అను మాటకు ఇది తోబుట్టువు. తడ, సూళ్లూరుపేట ప్రాంతపువారు దీనిని సుళువుగా గ్రహింపగలరు. అరవమున నాలుక మడిచి పలుకు ఆ కడపటి అక్షరము తెలుగున తరచుగా "డ" యగుచుండును. వారి కోళి మన కోడి. వారి ఏళు మన ఏడు. అట్లే వారి కూళ్ మన కూడు. పాత కన్నడములోను ఈ మాట యున్నది. ఈ మూడు భాషలవారు విడిపోకమునుపు, ఒకే కుండచుట్టు కూర్చున్న పూర్వికుల నోట పుట్టిన మాటయని చెప్పవచ్చును.

ఇంత గౌరవమైన మాట నేడు ఎట్లున్నది? అన్నము తింటివా అని అడిగిన మర్యాద, కూడు తింటివా అని అడిగిన అమర్యాద అయినది. కోపము వచ్చినప్పుడు, అసహ్యము తోచినప్పుడు మాత్రమే కొన్ని ఇండ్లలో ఈ మాట వినబడును. పట్నములో చదువుకొనుచున్న మన పిల్లలు సెలవులకు వచ్చి, అవ్వ కూడు అనగానే సిగ్గుపడి, అన్నమనవలెనని దిద్దుచున్నారు. ఆ దిద్దుబాటు నాకు సమ్మతము కాదు. మాటకు మచ్చ ఎట్లు వచ్చినదో మొదట వారు తెలిసికొనవలెను. సంస్కృతపు మాట పెద్దల విస్తరిలో పడినది, తెలుగు మాట పేదవాని ముంతలో మిగిలినది. ముంత పట్టుకొన్నవానిని చిన్నచూపు చూచినవారు ముంతలోనిదానిని కూడ చిన్నచూపు చూచిరి. కోటి విద్యలు కూటికొరకే అని ఒప్పుకొన్న నోళ్లే ఆ మాటను నీచము చేసినవి.

ఇప్పుడు యోహాను సువార్త ఆరవ అధ్యాయము తెరువుడి. అయిదువేలమందికి ఆహారము పెట్టిన సంగతి నాలుగు సువార్తలలోను ఉన్నది గాని, ఆ రొట్టెలు యవల రొట్టెలని చెప్పినవాడు యోహాను ఒక్కడే. యవలు పేదవాని గింజ. 1 రాజులు 4:28లో సొలొమోను గుఱ్ఱములకు పెట్టినవి యవలు. ప్రకటన 6:6లో ధరలు చూడుడి: ఒక దేనారమునకు గోధుమలు ఒక కొలత, అదే దేనారమునకు యవలు మూడు కొలతలు. మన లెక్కలో చెప్పవలెనన్న, బాలుని మూటలో ఉన్నది వరియన్నము కాదు, సంగటి. దానితో ఉన్న చేపలకు యోహాను వాడిన గ్రీకు మాట "ఒప్సారియొన్". ఒట్టి చేప అని చెప్పుటకు వేరే మాట ఉన్నది. ఇది రొట్టెలోనికి నంజుకొను చిన్న ముక్క అని అర్థమిచ్చు మాట. సంగటిలోనికి రెండు ఎండు నెత్తళ్లు అని చెప్పినట్లుండును. ఇస్కపల్లి పిల్లవాడు బడికి మోసికొనిపోయిన సద్దివంటిదే అది. దానిని తీసికొని ప్రభువు కృతజ్ఞతాస్తుతులు చెల్లించెను. ఇది కూడు గదా, అన్నము తెండి అని ఆయన అనలేదు.

మరునాడు జనులు ఆయనను వెదకికొనుచు పడవలెక్కి కపెర్నహూమునకు వచ్చిరి. మీరు రొట్టెలు తిని తృప్తి పొందితిరి గనుక నన్ను వెదకుచున్నారు అను భావము గల మాట ప్రభువు వారితో చెప్పెను (6:26). ఈ వచనము మన సంఘములకు పాత గాయము. మీరు కూటికొరకు మతము పుచ్చుకొన్నవారు అని మన తాతలు ఎన్నిమారులు వినిరో లెక్కలేదు. ఇంగ్లీషువారిలోనే కొందరు "బియ్యపు క్రైస్తవులు" అని ఎగతాళి పేరు పెట్టిరి. మనవారిలో కొందరు ఈ వచనము చదువునప్పుడు తల వంచుకొందురు. వంచుకొనవలెనా? జరిగిన చరిత్ర చూతము.

1876 మొదలు 1878 వరకు చెన్నపట్నపు రాజధానిలో గొప్ప కరవు కలిగెను. ఒంగోలు ఆ దినములలో నెల్లూరు జిల్లాలోనిదే. 1877 జనవరిలో సర్ రిచర్డ్ టెంపుల్ అను దొర కరవు పనులలో మగవానికి దినమునకు ఒక పౌను గింజలు, ఒక అణా చాలునని కూలి తగ్గించెను. పౌను అనగా అరకిలోకు తక్కువ. దినమంతయు మన్ను మోయువానికి అది చాలదని చెన్నపట్నపు ఆరోగ్యాధికారి డాక్టరు కార్నిష్ గట్టిగా వాదించెను. ఆ సంవత్సరమే కూలి మరల కొంత పెంచవలసి వచ్చెను. ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొరగారు యౌవనమున భూమి కొలతల పని నేర్చినవారు. బకింగ్‌హాము కాలువలో మూడు మైళ్లకు పైగా త్రవ్వకమును ఆయన కంట్రాక్టుకు తీసికొని, ఆకలిగొన్న వేలమందికి కూలి కల్పించెను. బోధకులు మేస్త్రీలుగా నిలిచి పని చేయించి, విశ్రాంతి వేళలలో కూలివారితో మాటలాడిరి. ఇప్పటికిని మన తీరము వెంబడి ఆ కాలువ ఉన్నది. దాని గట్టుమీద నడచునప్పుడు ఎవరి తట్టలతో ఆ మన్ను పైకి వచ్చినదో తలంచుకొనుడి.

ఇక్కడ గమనింపవలసిన సంగతి ఒకటి ఉన్నది. బాప్తిస్మము కోరి అనేకులు వచ్చుచుండగా, కరవు సహాయము జరిగినంతకాలము క్లౌ దొరగారు బాప్తిస్మములు నిలిపివేసెను. కూటికొరకు వచ్చినవారని ఎవరును అనకుండవలెనని ఆయన కోరెను. సంవత్సరమునకు పైగా అట్లు కనిపెట్టిన తరువాత, 1878 జూలై 3న గుండ్లకమ్మ యేటియొద్ద, వెల్లంపల్లిలో, ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. తూకము ముగిసిన తరువాత వచ్చినవారు వీరు. కాబట్టి ఆ నింద చరిత్ర యెదుట నిలువజాలదు.

అయినను ఈ జవాబు నాకు చాలదు. దీనితో మనము గెలిచితిమని ఊరకుండిన యెడల, తూకము జరుగుచుండగా వచ్చినవాడు తక్కువవాడని ఒప్పుకొన్నట్లే గదా. ప్రభువు ఆ జనులకు మొదట ఏమి చేసెను? వారిని పచ్చికమీద కూర్చుండబెట్టి కడుపునిండ పెట్టెను. ఎందుకు వచ్చితిరని అడిగి పెట్టలేదు. పెట్టిన తరువాత, మరునాడు మాటలాడెను. ఆకలిని ఆయన నిందింపలేదు, ఆకలి తీరగానే ఆగిపోయినవారిని ఇంకను ముందుకు రమ్మని పిలిచెను. పిలిచి తనకు తాను పెట్టుకొన్న పేరేమి? జీవాహారము (6:35). అక్కడను ఆర్తొస్ అను మాటయే, ఆ యవల రొట్టెలకు వాడిన మాటయే. మన పెద్దలను ఏ మాటతో నిందించిరో ఆ మాటనే రక్షకుడు తన పేరుగా ధరించియుండగా, మనము తల వంచుకొనుట ఎందుకు? పాత ఇంగ్లీషులో ప్రభువు అను అర్థమిచ్చు "లార్డ్" అను మాట సహితము మొదట "రొట్టెను కాయువాడు" అను రెండు ముక్కల అతుకు. ఆ దొరలకు తమ మాట యొక్క పుట్టుక జ్ఞాపకమున్న యెడల బియ్యపు క్రైస్తవులని నవ్వియుందురా?

బల్లయొద్దకు వచ్చునప్పుడు ఈ సంగతి మరింత తీక్షణమగును. కొరింథు సంఘములో ప్రభువు రాత్రి భోజనము నిజముగా భోజనముతో కలిసి జరుగుచుండెను. కలిగినవారు ముందుగా వచ్చి తమది తాము తినివేసిరి. లేనివారు ఆకలితో మిగిలిరి. పౌలు ఏమీ లేనివారిని సిగ్గుపరచుచున్నారా అని వారిని గద్దించి, ఒకరికొరకు ఒకరు ఎదురుచూడుడని ఆజ్ఞాపించెను (11:33). ఎదురుచూచుట అనునది చిన్న మాటగా కనబడును. నాట్లకు పోయిన స్త్రీలు దీపాలవేళకు గాని ఇల్లు చేరని ఊళ్లలో, గాలి తిరిగి పడవలు ఆలస్యమగు పాళెములలో అది పెద్ద మాట. కోతపండుగ విందున ముందు బంతిలో ఎవరు కూర్చుందురు, గరిటె అడుగునకు వచ్చిన తరువాత ఎవరు కూర్చుందురు అని సంఘపెద్దలు చూడవలెను. తెలుగున దీనికి మంచి మాట ఉన్నది: పొత్తు. కంచము పొత్తు, మంచము పొత్తు అని కులములవారు వియ్యమునకును విందునకును హద్దులు గీసికొన్న దేశము మనది. ఆ హద్దులు దాటి ఒకే రొట్టె విరుచుకొనుటకు పిలువబడినవారము మనము. బల్లయొద్ద కలిసి తిని, పెండ్లివిందులో వేరు బంతి వేయించు విశ్వాసులు పౌలు పత్రికను మరల చదువవలెను.

ప్రార్థనలోని మరియొక మాట మిగిలినది. ఆహారమునకు ముందున్న "అనుదిన" అను మాట. గ్రీకులో అది "ఎపియూసియొస్". మత్తయి, లూకా ప్రార్థనలలో తప్ప క్రొత్త నిబంధనలో మరెక్కడను ఈ మాట లేదు. మూడవ శతాబ్దములో గ్రీకు మాతృభాషగా గల ఓరిగెను అను గొప్ప పండితుడే, ఇది పండితుల గ్రంథములలోను పామరుల నోళ్లలోను లేదనియు, సువార్తికులే దీనిని కూర్చిరనియు వ్రాసెను. సిరియా క్రైస్తవులు తమ బైబిలులో "మా అక్కరకు తగిన" అను భావముతో తర్జుమా చేసికొనిరి. సామెతలు 30:8లో ఆగూరు కోరిన తగినంత ఆహారమునకు ఇది దగ్గరగా ఉన్నది. మన తెలుగు లూకా సువార్తలో "కావలసిన" అను మాట కూడ చేరియుండుట మీరు చూచియుందురు.

"అనుదిన" అను అర్థము మాత్రము దినకూలికి బ్రదుకువారికి వివరింపనక్కరలేదు. ద్రాక్షతోట యజమానుడు కడపటి గంటకు వచ్చినవానికి కూడ నిండు దేనారమిచ్చెనని మత్తయి 20లో చదివి, ఇది న్యాయమా అని ఉద్యోగస్థులు అడుగుదురు. కూలివారు అడుగరు. అర దేనారముతో ఇంటికి పోయిన యెడల ఆ రాత్రి పిల్లలకు సగము కూడే అని వారికి తెలియును.

లాటిను బైబిలును సిద్ధపరచిన జెరోము పండితుడు మరియొక సంగతి వ్రాసిపెట్టెను. హెబ్రీయుల సువార్త అను ఒక పాత గ్రంథములో ఈ మాటకు బదులు "మహర్" అని తాను చూచెనట. మహర్ అనగా రేపు. రేపటి ఆహారము నేడు దయచేయుమని భావము. రేపటిని గూర్చి చింతింపవద్దని అదే అధ్యాయములో చెప్పిన ప్రభువు ఇట్లు నేర్పునా అని కొందరు సందేహించిరి. నాకు ఇందులో విరోధము కనబడదు. మన ఇండ్లలో రాత్రి అందరు తినిన తరువాత తల్లి కుండ అడుగున మిగిలినదానిని చూచి, దానిలో నీళ్లు పోసి మూత పెట్టును. తెల్లవారుజామున వలకు పోవువానికి, నాటుకు పోవుదానికి అదే సద్ది. మిగిలిన దినమున ఆమె రేపటిని గూర్చి చింతింపదు, నిద్రపోవును. మిగులని దినమున ఉత్త కుండను కడిగి బోర్లించి, ప్రార్థనకు కూర్చుండును. ఆమె నోట ఆ మాటకు ఏ అర్థము తగునో మీ మీ ఇండ్లలో పెద్దవారిని అడుగుడి. వారు కూడు అని చెప్పిన యెడల దిద్దకుడి.